1966 అలీ, 1988 టైసన్: గెలిచేది ఎవరు?

అన్నదమ్ములిద్దరూ నెల రోజులుగా దీని మీదే వాదించుకుంటున్నామని రాశారు. మహమ్మద్ అలీ మంచి ఊపులో ఉన్నప్పుడు మైక్ టైసన్‌కు అసలు దొరకడని మీరంటున్నారు. టైసన్ ముందు అలీ రెండు రౌండ్లు కూడా నిలబడడని మీ అన్నయ్య అంటున్నారు. మీరు ఆయనకు క్లీవ్‌లాండ్ విలియమ్స్ ఫైట్ చూపించారు, ఆయన మీకు మైకేల్ స్పింక్స్ ఫైట్ చూపించారు. ఇద్దరికీ మనసు మారలేదు.

ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాను. మీరు చెప్పిన రెండు ఫైట్లూ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నా జవాబు ముందే చెప్పేస్తాను: గెలిచేది అలీ. కానీ మీరు చెప్పిన కారణంతో కాదు. మీరిద్దరూ చూపించుకున్న ఆ రెండు ఫైట్లనూ పక్కన పెడితే తప్ప ఈ విషయం సరిగ్గా అర్థం కాదు.

విలియమ్స్ ఫైట్ 1966 నవంబర్ 14న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో జరిగింది. అలీ మూడు రౌండ్లలో ముగించాడు. అంత అందమైన బాక్సింగ్ హెవీవెయిట్‌లో నేనూ ఇంకెక్కడా చూడలేదు. అయితే అంతకు రెండేళ్ల ముందు, 1964 నవంబర్‌లో, విలియమ్స్‌ను ఒక పోలీసు తుపాకీతో కాల్చాడు. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేశారు, ఒక కిడ్నీ తీసేశారు. ఆ రాత్రి అలీ ముందు నిలబడింది పాత విలియమ్స్ కాదు, ప్రాణాలతో బయటపడి మళ్లీ గ్లవ్స్ కట్టుకున్న మనిషి. అతని ధైర్యానికి దండం పెట్టాలి కానీ అలీ స్థాయిని కొలవడానికి ఆ ఫైట్ పనికిరాదు.

స్పింక్స్ ఫైట్ సంగతీ అంతే. 1988 జూన్ 27, అట్లాంటిక్ సిటీ, 91 సెకన్లలో అయిపోయింది. స్పింక్స్ లైట్ హెవీవెయిట్ నుంచి బరువు పెంచుకుని పైకి వచ్చినవాడు, పైగా ఏడాదిగా ఫైట్ లేదు. రింగ్‌లోకి నడిచి వస్తున్నప్పుడే అతని ముఖం చూడండి, సగం ఓడిపోయి వస్తున్నాడు. టైసన్ గుద్దులో ఎంత బలముందో ఆ ఫైట్ చెబుతుంది. భయపడని మనిషి ఎదురైతే టైసన్ ఏం చేస్తాడో మాత్రం చెప్పదు.

నిజంగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. అలీ వైపు నుంచి 1966 మార్చి 29న టొరంటోలో జార్జ్ చువాలోతో ఆడిన 15 రౌండ్లు. టైసన్ వైపు నుంచి 1987లో జరిగిన రెండు ఫైట్లు: మార్చి 7న బోన్‌క్రషర్ స్మిత్‌తో, ఆగస్టు 1న టోనీ టక్కర్‌తో. ఈ మూడూ నాకౌట్ లేకుండా చివరి రౌండు దాకా వెళ్లాయి, ఏదీ హైలైట్ వీడియోల్లో కనిపించదు. నా జవాబులో ఎక్కువ భాగం వీటిలోంచే వస్తుంది.

ఇద్దరిలో ఎవరిని ఏ ఏడాది నుంచి తీసుకుంటున్నామో కూడా తేల్చుకోవాలి. అలీ 1967 ఏప్రిల్‌లో సైన్యంలో చేరనన్నాడు, టైటిల్ లాగేసుకున్నారు, మళ్లీ 1970 అక్టోబర్ దాకా రింగ్ ఎక్కలేదు. పాతికేళ్ల వయసులో మూడున్నరేళ్లు పోయాయి. తిరిగొచ్చిన అలీకి గుండె ధైర్యం పెరిగింది, కాళ్లు మాత్రం ఆ పాత కాళ్లు కావు. అందుకే అలీని 1966 నుంచి తీసుకోవాలి. టైసన్‌ను 1986 నవంబర్ నుంచి స్పింక్స్ ఫైట్ దాకా తీసుకోవాలి, ఎందుకంటే 1988 చివర్లో ట్రైనర్ కెవిన్ రూనీని తీసేశాక అతని తల కదలిక తగ్గిపోయింది. చాలామంది చేసే తప్పు ఒకటుంది: 1966 అలీ పక్కన, 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడి, కిందపడి మౌత్‌పీస్ వెతుక్కుంటున్న టైసన్‌ను నిలబెడతారు. అది టైసన్‌కు అన్యాయం.

కాలం మారింది, పాతవాళ్లు చిన్నవాళ్లు అనే వాదన ఈ జోడీకి వర్తించదు. విలియమ్స్‌తో ఆడిన రోజు అలీ బరువు 212 పౌండ్ల పైమాట, స్పింక్స్‌తో ఆడిన రోజు టైసన్ 218, అంటే 96 కిలోలకు 99 కిలోలు. ఎత్తులో అలీ 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10. చేతుల విస్తారం అలీకి 78 అంగుళాలు, టైసన్‌కు 71. ఆ ఏడు అంగుళాల తేడా చుట్టూనే ఈ ఫైట్ అంతా తిరుగుతుంది.

ఇక మొదటి నాలుగు రౌండ్లు. ఇక్కడ మీ అన్నయ్య మాటకు బలముంది, దయచేసి కొట్టిపారేయకండి.

టైసన్‌ను బండగా మీద పడి కొట్టేవాడు అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ వయసులో అతన్ని కొట్టడమే కష్టం. అతని గురువు కస్ డామాటో నేర్పిన పద్ధతి అది: రెండు చేతులూ చెంపలకు ఆనించి, తల ఎప్పుడూ ఒకచోట ఉంచకుండా, ఎదుటివాడి జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) వచ్చినప్పుడల్లా దాని పక్కకో కిందికో జారిపోయి, ఆ జారడంలోనే శరీరాన్ని తిప్పి గుద్దు సిద్ధం చేసుకోవడం. జాబ్ తప్పించుకోవడం, దగ్గరికి చేరడం, కొట్టడం, మూడూ ఒకే కదలికలో జరిగిపోతాయి. కుడిచేత్తో పక్కటెముకల మీద ఒకటి, అదే చేత్తో గడ్డం కింద అప్పర్‌కట్ ఇంకొకటి. నేను పిల్లలకు ఈ జత నేర్పడానికి నెలలు పడుతుంది, అయినా ఫైట్‌లో టెన్షన్ రాగానే మర్చిపోతారు. టైసన్ ఇరవై ఏళ్లకే ఊపిరి పీల్చినంత తేలిగ్గా కొట్టేవాడు. మొదటి 19 ఫైట్లూ నాకౌట్లే, వాటిలో 12 మొదటి రౌండులోనే.

ఎదురుగా అలీ ఎలా నిలబడతాడు? చేతులు నడుము దగ్గర. గుద్దు వస్తే తలను వెనక్కి లాగుతాడు, గార్డ్‌తో ఆపడు. నా దగ్గర ఏ కుర్రాడైనా అలా నిలబడితే వెంటనే ఆపేస్తాను, ఎందుకంటే అది అలీ కళ్లకూ అలీ కాళ్లకూ మాత్రమే చెల్లింది. 1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన ఫైట్ ఆడినప్పుడు మా గురువుగారు వెళ్లి చూశారు. అప్పటికి అలీకి 38 ఏళ్లు, ఒళ్లు బరువెక్కింది. అయినా గురువుగారు తిరిగొచ్చి మాకు ఒకటే చెప్పేవారు: గుద్దు ముఖం దాకా వచ్చేవరకూ అతని కళ్లు మూసుకోవు, రెప్ప కూడా పడదు అని. తలను వెనక్కి లాగడానికి అంత చూపు కావాలి.

కానీ ఆ అలవాటుకు ఒక మందు ఉంది, అది లెఫ్ట్ హుక్. తలను నేరుగా వెనక్కి లాగేవాడికి పక్కనుంచి తిరిగి వచ్చే గుద్దు తగులుతుంది. 1962లో సన్నీ బ్యాంక్స్ అలీని పడేసింది లెఫ్ట్ హుక్‌తోనే. 1963 జూన్‌లో వెంబ్లీలో నాలుగో రౌండు చివర హెన్రీ కూపర్ పడేసిందీ లెఫ్ట్ హుక్‌తోనే. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 15వ రౌండులో జో ఫ్రేజియర్ పడేసిందీ దానితోనే. కూపర్ టైసన్ కంటే పదిహేను కిలోలు తేలిక. అదే చోట టైసన్ హుక్ తగిలితే? ఈ ప్రశ్న దగ్గర అలీ అభిమానులు నోరు మూసుకోవాలి, నేనూ మూసుకుంటాను. ఈ ఫైట్ పదిసార్లు జరిగితే రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు, అలీ మొదటి నాలుగు రౌండ్లలోనే పడి లేవలేడని నా లెక్క.

మిగతా ఏడుసార్లు ఏమవుతుంది? అలీ డ్యాన్స్ చేస్తూ దొరక్కుండా తిరుగుతాడని మీరు రాశారు. ఈ ఒక్కచోట మీతో ఏకీభవించలేను. ఎవరూ పూర్తిగా దొరక్కుండా తిరగలేరు. చువాలో ఫైట్ చూస్తే తెలుస్తుంది. చువాలో టైసన్ అంత వేగం ఉన్నవాడు కాదు, అయినా 15 రౌండ్లూ అలీ మీద మీద పడుతూ పక్కటెముకలు గుద్దుతూనే ఉన్నాడు. టైసన్ ఇంకా తొందరగా చేరుకుంటాడు. చేరుకున్నాక అలీ ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కాళ్లలో లేదు, చేతుల్లో ఉంది. అలీ పట్టేసుకుంటాడు.

ఇలా పట్టేసుకోవడాన్నే క్లించ్ అంటారు, అది చూసేవాళ్లకు విసుగు. ఈలలు వేస్తారు. అందుకే కాబోలు ఈ చర్చలో దాని మాట ఎవరూ ఎత్తరు. కానీ హెవీవెయిట్ చరిత్రలో క్లించ్‌ను అలీ అంత బాగా వాడినవాళ్లు తక్కువ. ఎదుటివాడు తల వంచి లోపలికి వచ్చినప్పుడు ఎడమ చేతిని అతని మెడ వెనక వేసి కిందికి లాగుతాడు, కుడి చేత్తో అతని మోచేతిని బంధిస్తాడు, తన బరువంతా అతని మీద వాలుస్తాడు. 1974 జనవరిలో ఫ్రేజియర్‌తో రెండో ఫైట్ మొత్తం ఇలాగే గెలిచాడు. ఆ ఏడాది అక్టోబర్‌లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ మెడ మీద కూడా ఆ చెయ్యి పదే పదే పడింది. తాళ్లకు ఆనుకుని దెబ్బలు తినడం గురించి అందరూ మాట్లాడతారు, ఫోర్‌మన్ అలసిపోవడంలో ఆ మెడ లాగుడు పాత్ర గురించి మాట్లాడరు. వంద కిలోల మనిషిని మెడ మీద మోస్తూ ప్రతి రౌండూ నడుం నిలబెట్టుకోవాలంటే ఎంత శ్రమో ఒకసారి ప్రాక్టీసులో చేసి చూస్తే తెలుస్తుంది.

టైసన్‌కు క్లించ్ అంటే ఏమిటో స్మిత్ ఫైట్ చెబుతుంది. స్మిత్ గెలవాలని రాలేదు, బతికి బయటపడాలని వచ్చాడు. పన్నెండు రౌండ్లూ పట్టుకుని వేలాడాడు. రిఫరీ పాయింట్లు కోసినా వదల్లేదు. టైసన్ ఏం చేశాడు? చేతులు బంధించగానే ఆగిపోయి, రిఫరీ వచ్చి విడదీసేదాకా నిలబడ్డాడు. పొట్టిగా గట్టిగా ఉన్న కుర్రాడు నా దగ్గరికి వస్తే నేను మొదటి నెలలో నేర్పేది ఇదే: పొడుగువాడు నిన్ను కావలించుకుంటాడు, అప్పుడు నీకు ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది, దానితో కొడుతూనే ఉండు, తలతో అతని ఛాతీని నెట్టి చోటు చేసుకో. ఫ్రేజియర్ ఆ పని చేసేవాడు. టైసన్ చెయ్యలేదు. ప్రతి క్లించ్ తర్వాత మళ్లీ మొదటినుంచి, దూరం నుంచి, ఆ 78 అంగుళాల చేతుల మీదుగా దారి వెతుక్కోవాలి. టైసన్ గుద్దుల జడి ఊపు మీద ఆధారపడింది. ఊపును ప్రతి పది సెకన్లకూ తెగ్గొడితే మిగిలేది ఒక్కో గుద్దే. ఒక్కో గుద్దును అలీ చూడగలడు.

అందుకే మీ అన్నయ్య అడగాల్సిన గట్టి ప్రశ్న ఒకటుంది: రిఫరీ ఎవరు? 1974 ఫైట్‌లో రిఫరీ టోనీ పెరెజ్ అలీ పట్టుకోవడాన్ని చూసీచూడనట్టు వదిలేశాడని ఫ్రేజియర్ ట్రైనర్లు మండిపడ్డారు. మరుసటి ఏడాది మనీలాలో వాళ్లిద్దరి మూడో ఫైట్‌లో రిఫరీ కార్లోస్ పడిల్లా మెడ మీద చెయ్యి పడగానే తీయించాడు. ఫలితం తెలిసిందే, ఇద్దరూ చావు అంచుల దాకా వెళ్లారు. 14వ రౌండు తర్వాత ఫ్రేజియర్ ట్రైనర్ ఎడ్డీ ఫచ్ తన కుర్రాడిని ఆపకపోతే ఏమయ్యేదో. మనీలా రిఫరీని ఈ ఫైట్‌కు పెడితే టైసన్ గెలుపు అవకాశం పదిలో నాలుగుకు పెరుగుతుందని ఒప్పుకుంటాను.

ప్యాటర్సన్ సంగతి కూడా చెప్పాలి, ఇది చాలామందికి తట్టదు. డామాటో టైసన్‌కంటే ముందు తయారుచేసిన హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్. అదే చెంపలకు ఆనిన గార్డ్, అదే తల కదలిక, అదే ఎగిరి దూకే హుక్. 1965 నవంబర్ 22న లాస్ వేగస్‌లో అలీ అతన్ని 12వ రౌండులో ఆపాడు. సరిగ్గా 21 ఏళ్ల తర్వాత, అదే నవంబర్ 22న, అదే ఊళ్లో, టైసన్ రెండు రౌండ్లలో ట్రెవర్ బెర్బిక్‌ను కొట్టి ఇరవై ఏళ్ల వయసులో ఛాంపియన్ అయ్యాడు. ఆ గురువు పద్ధతి అలీకి కొత్త కాదన్నమాట. కానీ దీన్ని సాగదీయకూడదు. ఆ రాత్రి ప్యాటర్సన్‌కు నడుం పట్టేసింది, పైగా అతను టైసన్ కంటే చాలా తేలిక, గడ్డం మీద దెబ్బ తట్టుకునే బలం కూడా తక్కువ. ఆ ఫైట్ నుంచి నేను తీసుకునేది ఒక్కటే: ఆ గార్డ్ మీద అలీ ఎలా పనిచేశాడో. చెంపల దగ్గర చేతులున్నప్పుడు నుదురు మీదికి, కుడి ఎడమలుగా, తేలికైన జాబ్‌లు విసురుతూ కళ్ల ముందు తెర కట్టాడు. బలంగా కొట్టాల్సిన పనిలేదు, ఎదుటివాడి లెక్క తప్పిస్తే చాలు.

బెర్బిక్ పేరు వచ్చింది కాబట్టి, దయచేసి ఆ వాదన మాత్రం చెయ్యకండి. బెర్బిక్ 1981లో అలీని ఓడించాడు, ఆ బెర్బిక్‌ను టైసన్ చితక్కొట్టాడు, కాబట్టి టైసన్ అలీని కొడతాడు అని మీ అన్నయ్య రాయమన్నారట. బెర్బిక్‌తో ఆడేనాటికి అలీ 40కి దగ్గరపడ్డాడు, చేతులు పైకి లేవడం లేదు, అది అతని చివరి ఫైట్. అలీని ఓడించిన ఫ్రేజియర్‌ను ఫోర్‌మన్ 1973లో రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు, ఆ ఫోర్‌మన్‌ను అలీ నాకౌట్ చేశాడు. బాక్సింగ్‌లో ఈ గొలుసు లెక్కలు కుదరవు.

కంప్యూటర్‌కు చెప్పి తేల్చేద్దామా అని కూడా అడిగారు. ఆ ముచ్చట ఎప్పుడో తీరింది. 1967లో ముర్రే వొరోనర్ అనే ప్రొడ్యూసర్ రేడియో కోసం కంప్యూటర్ టోర్నీ పెట్టాడు. అందులో అలీని పాతకాలపు ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడించారు, అలీ కోర్టుకెళ్లాడు. ఆ తర్వాత 1969లో అలీని, ఓటమి ఎరుగని రాకీ మార్సియానోను మయామీలో కలిపి సినిమా తీశారు. రిటైరై పదమూడేళ్లయిన మార్సియానో ఒళ్లు తగ్గించుకుని విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. 1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో 13వ రౌండులో మార్సియానో గెలిచాడు, యూరప్‌లో చూపించిన ఇంకో కాపీలో అలీ గెలిచాడు. మార్సియానో అప్పటికే లేడు, 1969 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు. ఫలితం ఏమిటో కూడా అతనికి తెలియలేదు. ఆ సినిమా చూస్తే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. యంత్రం చెప్పింది అనే మాటకు అప్పటినుంచి నేను విలువివ్వను.

ఇక భయం గురించి. టైసన్ సగం ఫైట్లు గంట మోగకముందే గెలిచాడు. ఆ నల్ల నిక్కరు, సాక్స్ లేని షూస్, కళ్లార్పని చూపు. అంతకు ముందు కాలంలో ఆ భయం పేరు అప్పటి ఛాంపియన్ సన్నీ లిస్టన్. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో అతనితో ఆడినప్పుడు, 22 ఏళ్ల కుర్రాడు అలీ ఓడిపోతాడని పందెం 7కు 1. నాలుగో రౌండు అయ్యాక అలీ కళ్లు మండిపోయాయి, ఏమీ కనబడటం లేదు, గ్లవ్స్ కోసేయమని అరిచాడు. ట్రైనర్ ఏంజెలో డండీ అతన్ని రింగ్‌లోకి తోసేశాడు. ఐదో రౌండు దాదాపు గుడ్డివాడిలా, చెయ్యి చాపి లిస్టన్ నుదురును దూరంగా పెట్టి, తిరుగుతూ బతికాడు. ఏడో రౌండుకు లిస్టన్ స్టూలు మీదినుంచి లేవలేదు. టైసన్ ఎదురైన వాళ్లలో ఇలాంటి రాత్రి దాటి వచ్చినవాడు, పైగా వయసులో ఉన్నవాడు, 1988 దాకా ఒక్కడూ లేడు. భయపడకుండా జాబ్ వేసిన టక్కర్ మొదటి రౌండులోనే అప్పర్‌కట్‌తో టైసన్‌ను కదిలించాడు. టక్కర్ పన్నెండు రౌండ్లు నిలబడ్డాడంటే, చేతివేగం అంతకన్నా ఎక్కువున్న అలీ ఏం చేస్తాడో ఊహించుకోండి.

నా కళ్ల ముందు ఈ ఫైట్ ఇలా జరుగుతుంది. మొదటి మూడు రౌండ్లలో రెండు టైసన్‌వి, రెండో రౌండులో అలీ ఒకసారి కింద పడతాడు. లేస్తాడు, పడి లేవడం అతనికి తెలుసు. నాలుగు నుంచి క్లించ్‌లు పెరుగుతాయి. ఆరో రౌండుకు టైసన్ తల కదలిక నెమ్మదిస్తుంది, జాబ్‌లు నుదురు మీద తగలడం మొదలవుతుంది. తొమ్మిదికి ఒక కన్ను వాస్తుంది. 12 రౌండ్ల ఫైట్ అయితే అలీ పాయింట్ల మీద, దగ్గర తేడాతో గెలుస్తాడు. అలీ కాలంలోలాగా 15 అయితే 13లోనో 14లోనో రిఫరీ ఆపేస్తాడు. టైసన్ జీవితంలో పన్నెండో రౌండు దాటలేదు.

అలీని 1971 నుంచి తెస్తే మాత్రం నా జవాబు మారుతుంది. ఫ్రేజియర్ ముందు తాళ్లకు ఆనుకుని నిలబడ్డ ఆ అలీని 1988 టైసన్ ఐదు రౌండ్లలోపు ఆపేస్తాడు. ఇక్కడ మీ అన్నయ్యదే గెలుపు, ఆయనకు చెప్పండి.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని స్మిత్ ఫైట్ మొత్తం చూడండి, విసుగొచ్చినా సరే. గుద్దులు వదిలేసి, ప్రతి క్లించ్‌లో టైసన్ ఖాళీ చెయ్యి ఏం చేస్తోందో లెక్కపెట్టండి. ఎన్నిసార్లు కొట్టాడో, ఎన్నిసార్లు ఊరికే వేలాడదీశాడో కాగితం మీద రాసి పంపితే, ఆ లెక్క మీదే మళ్లీ మాట్లాడుకుందాం.